గుట్ట మీద గడ్డికి కాపలా ఎవరు?



మదనపల్లె అంటే టమాటా మార్కెట్టు, పుంగనూరు అంటే పొట్టి ఆవు, కుప్పం అంటే మూడు రాష్ట్రాల కూడలి. బయటివాళ్లకు ఈ మూడు ఊళ్లూ అలా గుర్తు. ఇక్కడ సేద్యం చేసుకునేవాళ్లకు పొద్దున లేస్తే కనిపించేది గుట్ట. ఏ పల్లె పొలిమేరలో నిలబడినా ఏదో ఒక దిక్కున బండరాళ్ల గుట్ట ఉంటుంది. కొన్ని గుట్టలు రిజర్వు ఫారెస్టు. కొన్ని రెవెన్యూ లెక్కల్లో గుట్ట పోరంబోకు, మేత పోరంబోకు. కొన్ని ప్రభుత్వం ఎప్పుడో డీకేటీ పట్టాలుగా పంచేసిన వాలు భూములు. హద్దు రాయి ఎక్కడుందో ఫారెస్టు గార్డుకు తెలుసు, సర్వేయరుకు తెలుసు. గొర్లకు తెలియదు, వాన నీటికీ తెలియదు.

ఈ గుట్టల్ని ఊరివాళ్లే కాపాడుకోవాలని ప్రభుత్వాలు ముప్పై ఏళ్లకు పైగా చెబుతున్నాయి. ఆ పిలుపు విని మన రైతు ఎంతవరకు ముందుకొచ్చాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఎందుకు ఆగాడు అన్నదే ఈరోజు మాట్లాడుకోబోయే సంగతి. రైతుకు అడవంటే పట్టదు, కూలి డబ్బులిస్తేనే కదులుతాడు అని సమావేశాల్లో తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఊరు పెట్టుకున్న కట్టుబాటు రేపు కూడా చెల్లుతుందన్న నమ్మకం ఉంటే మన రైతు గుట్టను కాపాడతాడు. ఆ నమ్మకం చెడగొట్టిన చోటే వెనక్కి తగ్గాడు.

ముందు నీటి సంగతి చూద్దాం. మన పడమటి మండలాల్లో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. నైరుతిలో కొంత, ఈశాన్యంలో కొంత. పెద్ద నదేదీ లేదు. మదనపల్లె పక్కనున్న బాహుదా, తంబళ్లపల్లె మీదుగా పోయే పాపాఘ్ని చివరికి పెన్నలో కలుస్తాయి. కుప్పం పక్క నీళ్లు పాలారు పట్టుకుని తమిళనాడుకు పోతాయి. అన్నీ వానొస్తే పారేవే. మిగతా రోజుల్లో ఇసుక. ఒకప్పుడు చెరువు కింద వరి, మెట్టలో చెనిక్కాయ, గుట్ట మీద పశువులు, ఇదీ ఇక్కడి సేద్యం. ఇప్పుడు చెనిక్కాయ తగ్గింది. బోరు కింద టమాటా, మల్బరీ, పాడి ఆవులు వచ్చాయి. బోరు వెయ్యి అడుగులు దిగినా దుమ్మే లేచిన పొలాలు ఎన్నో. బోరు ఎండిన రైతు కొత్తగా మరో బోరు వేస్తాడు, అప్పు చేస్తాడు. గుట్ట మీద పడిన వాన గంటలో వంకలోకి జారిపోతుంటే కింద బోరుకు ఊట ఎక్కడిది?

దాన్ని ఆపే పని ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. గుట్ట వాలు మీద కందకం తీయాలంటే ముందు మట్టం చూడాలి. మూడు కర్రలు ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా కట్టి, పైనుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. దారం అడ్డకర్ర మీద వేసిన గుర్తుకు సరిగ్గా తగిలితే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా అడుగులో అడుగు వేసుకుంటూ, సున్నంతో గుర్తు పెట్టుకుంటూ వాలుకు అడ్డంగా సాగుతారు. ఆ గీత మీద కందకం తవ్వి, మట్టిని కింది వైపు గట్టుగా పోస్తారు. మట్టం తప్పితే నీళ్లు ఒక మూలకు చేరి గట్టు తెగుతుంది, ఉన్న మట్టి కూడా కొట్టుకుపోతుంది. మట్టం కుదిరితే వాన వెలిశాక కందకం పొడవునా నీళ్లు నిలబడి, నిదానంగా ఇంకుతాయి. మొదటి ఏడు గట్టు మీద కసువు మొలుస్తుంది. రెండో ఏడు, మూడో ఏడు సీతాఫలం, కానుగ, బండారు మోడుల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. విత్తనం చల్లకపోయినా, మొక్క నాటకపోయినా వేళ్లు బతికే ఉంటాయి గనుక వస్తాయి. అయితే ఆ మూడేళ్లూ పశువుల నోటికి, గొడ్డలికి, నిప్పుకు దూరంగా ఉంచాలి. కందకం తవ్వడం కొన్ని నెలల పని, దానికి కూలి ఇస్తారు. కాపలా మాత్రం ఏళ్ల తరబడి సాగాల్సిన పని, దానికి ఎవరూ కూలి ఇవ్వరు. సాముదాయిక అటవీ సంరక్షణ కష్టమంతా అక్కడే ఉంది.

మన రైతుకు అటవీ శాఖ మీద ఉన్న అనుమానం నిన్న మొన్నటిది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పశువులు మేపుకునే గుట్టలు రిజర్వులయ్యాయి. మేతకు పుల్లరి కట్టాలి, కట్టెకు అనుమతి కావాలి, గీత దాటితే పశువులు బందెలదొడ్డికి. ఈ బాధ ఒక్క మన తాలూకాలదే కాదు. పల్నాడులో పుల్లరి కట్టబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. అదే రోజుల్లో మదనపల్లెకు దగ్గర్లోని కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ అటవీ సత్యాగ్రహం సాగింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కూడా కడప జిల్లాదే.

మూడు ఊళ్లదీ ఒకే చరిత్ర అనుకోకూడదు. మదనపల్లె పక్క రైత్వారీ. పుంగనూరు జమీందారీ. కుప్పం పక్కది కంగుంది జమీన్. జమీన్లలో అడవి జమీందారుది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ అడవులు ప్రభుత్వానికి వచ్చాయి. జమీందారు మనుషుల్ని బతిమాలుకుని కట్టె తెచ్చుకున్న ఇంటివాళ్లు ఆ తర్వాత గార్డును బతిమాలుకున్నారు. యజమాని మారాడు, బతిమాలడం మారలేదు. పెద్దవాళ్లు ఈ కథలు ఇంట్లో చెబుతూనే ఉంటారు. అందుకే కొత్త సమితి పెడతామని అధికారి వచ్చి కూర్చున్నప్పుడు రైతు ముఖంలో కనిపించేది నిర్లక్ష్యం అనుకోవద్దు. అది రెండు మూడు తరాల అనుభవం.

ఊరి చేతికే అడవిని అప్పగించే ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. రైతుల గోడు పెరిగాక మద్రాసు ప్రభుత్వం వేసిన అటవీ కమిటీ 1913లో నివేదిక ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో ప్రెసిడెన్సీలో కొన్ని అడవుల్ని రైతుల వాడకానికి వేరుచేసి, అటవీ పంచాయతీలకు అప్పగించారు. స్వాతంత్ర్యం వచ్చాక వాటిని నిలబెట్టాలని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. కుమావూఁ కొండల్లో మాత్రం 1931లో పెట్టిన వన పంచాయతీలు ఇప్పటికీ సాగుతున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన నాలుగు పదుల ఏళ్ల ఎడం మనకు లేకపోయి ఉంటే ఈరోజు ఇంత మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది కాదు.

మళ్లీ ఆ మాట వచ్చింది 1988 జాతీయ అటవీ విధానంతో. అడవి కాపలాలో ఊరివాళ్లను కలుపుకోవాలని 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. బెంగాల్‌లోని అరబారిలో ఎ.కె. బెనర్జీ అనే అటవీ అధికారి 1970లలోనే ఊరివాళ్లకు రాబడిలో వాటా ఇచ్చి సాల అడవిని తిరిగి నిలబెట్టి చూపించారు. ఆ లేఖ వెనకాల ఈ అనుభవం ఉంది. మన రాష్ట్రంలో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. పల్లెపల్లెనా వన సంరక్షణ సమితులు, అంటే మనం వీఎస్‌ఎస్ అని పిలుచుకునేవి, పుట్టాయి. ప్రతి ఇంటి నుంచి ఒక మగ, ఒక ఆడ సభ్యులు. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో రాష్ట్ర అటవీ ప్రాజెక్టు, 2002లో దాని వెనకాలే కమ్యూనిటీ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు. మధ్యలో 2000లో నీరు-మీరు నీటి సంరక్షణ కార్యక్రమం. గుట్టల నిండా కందకాలు, రాతి కట్టలు, ఊట కుంటలు వచ్చాయి. కరువు ఏళ్లలో ఆ కూలి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. దాన్ని నేను తక్కువ చేయను.

తర్వాతే తేడా వచ్చింది. 2010 నాటికి ప్రాజెక్టు ముగిసింది, డబ్బు ఆగింది. చాలా చోట్ల సమితి బోర్డు మిగిలింది, సమితి మిగల్లేదు. ఎందుకని? సమితి ఖాతా మీద అధ్యక్షుడి సంతకంతో పాటు అటవీ అధికారి సంతకమూ ఉండాలి. ఏ మొక్క నాటాలో ప్రణాళిక పైనుంచి వచ్చేది. దొంగను పట్టుకున్నా జరిమానా వేసే అధికారం ఊరికి ఉందా లేదా అన్నది ఎప్పుడూ నాన్చుడే. ఊరివాళ్లు పట్టించిన మనిషి మర్నాడే ఎవరిదో సిఫార్సుతో విడుదలై రచ్చకట్ట మీద కూర్చుంటే, పట్టించినవాడు రెండోసారి ఎందుకు గొంతెత్తుతాడు? రైతును భాగస్వామి అన్నారు గానీ మేస్త్రీ లేని కూలీగా చూశారు. కూలి ఆగాక ఆయన పనికి రాలేదని తప్పుపడితే ఎలా?

ఇదే కాలంలో మదనపల్లె చుట్టుపక్కల మరో దారి కూడా నడిచింది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పాల సంఘాల అనుభవంతో చెట్ల పెంపకందారుల సహకార సంఘాలకు పూనుకుంది. 1988లో వాటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ పని అప్పటి మన చిత్తూరు జిల్లాకూ వచ్చింది. 2001లో ఆ పనిని ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ అందుకుంది. మదనపల్లె కేంద్రంగా పాపాఘ్ని పరీవాహకంలోని పల్లెల్లో ఇప్పటికీ వాళ్ల పని సాగుతోంది. ఇక్కడ సంఘాల చేతికి వచ్చింది ఎక్కువగా దట్టమైన అడవి కాదు, ఎవరికీ పట్టని రెవెన్యూ బంజర్లు, గుట్టలు. నిబంధనలు ఊరే పెట్టుకుంటుంది. కాపలా మనిషిని ఊరే పెట్టుకుంటుంది. ఎండుగడ్డి ఎప్పుడు కోసుకోవాలో, మోపుకెంతో, పక్క ఊరివాళ్లకు ఇవ్వాలో వద్దో ఊరే తేల్చుకుంటుంది. ఇలా మొదలైనవన్నీ నిలిచాయని నేననను. నిలిచిన చోట కారణం మాత్రం ఒక్కటే. తప్పు చేసినవాడికి శిక్ష చిన్నదైనా, అది తన ఊరే వేసింది, అందరికీ ఒకేలా వేసింది.

ఉమ్మడి వనరును జనమే కాపాడుకోగలరని పరిశోధనలతో నిరూపించి 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ చెప్పిందీ ఇదే. వాడుకునేవాళ్లే నిబంధన పెట్టుకోవాలి, వాళ్లలోనే ఒకరు కాపలా ఉండాలి, తప్పును బట్టి శిక్ష పెరగాలి, వీటిలో పైవాళ్లు అడ్డం పడకూడదు. 2011 జనవరిలో ఉమ్మడి వనరుల మీద ప్రపంచ సదస్సు హైదరాబాదులో జరిగింది. దాన్ని నిర్వహించింది మదనపల్లెలో పనిచేస్తున్న ఆ ఫౌండేషనే. ఆస్ట్రోమ్ కూడా ఆ సదస్సుకు వచ్చారు. అదే నెల 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నింటికీ ఆదేశమిచ్చింది. మన ఊళ్లలో ఈ తీర్పు సంగతి తెలిసిన సర్పంచులు ఎందరు? గుట్ట పోరంబోకు మీద ఎవరైనా కంచె వేస్తే, ఈ తీర్పు కాగితం తీసుకుని తహసీల్దారు దగ్గరకు వెళ్లవచ్చు.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. గుట్టను మూసేస్తున్నాం అని ఊరంతా చేతులెత్తి తీర్మానం చేసిన రోజున నష్టం ఎవరికి, లాభం ఎవరికి? లాభం గుట్ట కింద భూమి ఉన్నవాడికి. ఆయన బోరులో ఊట పెరుగుతుంది. నష్టం గొర్లు, మేకలు తోలుకునేవాడికి. అతనికి భూమి లేదు, ఉన్నా అరెకరం మెట్ట. మూడేళ్లు గుట్ట ఎక్కవద్దంటే మందను ఎక్కడికి తోలాలి? ఎండాకాలం దూరప్రాంతాలకు వలసపోవాలి, లేదా సగం మందను అమ్ముకోవాలి. కట్టెల మోపు తెచ్చుకునే ఆడవాళ్లదీ ఇదే పరిస్థితి. గ్యాస్ పొయ్యి వచ్చాక కట్టె భారం తగ్గింది గానీ, నీళ్లు కాచుకోవడానికి ఇంకా కట్టెలే దిక్కు అయిన ఇళ్లు ఉన్నాయి. సమావేశంలో కుర్చీల్లో కూర్చునేది బోర్లున్న రైతులు. గొర్ల కాపరి ఆ వేళకు మందతో ఊరి బయట ఉంటాడు. ఆడవాళ్లు వచ్చినా రచ్చకట్ట కింద, వెనక వరుసలో నిలబడతారు. సంతకం పెట్టాల్సినప్పుడే వాళ్ల పేర్లు పిలుస్తారు.

గొర్ల కాపరిని అడవికి శత్రువుగా చూపించడం అన్యాయం. గుట్ట మీద ఏ వాలులో ఏ గడ్డి ముందు మొలుస్తుందో, ఏ సందులో ఎండాకాలం కూడా నీటి చెమ్మ ఉంటుందో అతనికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. గుట్టను ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క మూసినప్పుడు మరో ముక్క తెరిచి ఉంచితే మంద బతుకుతుంది, చెట్టూ బతుకుతుంది. ఏ ముక్క ముందు మూయాలో అతన్నే అడగాలి. అతని మాట తీసుకోకుండా రాసుకున్న నిబంధన రాత్రిపూట చెల్లదు. మంద రాత్రి ఎక్కుతుంది.

నిప్పు సంగతి కూడా ఇలాంటిదే. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే గుట్టల మీద మంటలు కనిపిస్తాయి. బీడీ పారేసి అంటుకున్నవి కొన్ని. కావాలని పెట్టినవి కొన్ని. ముదిరిన బోద కసువు కాలిస్తే వాన తగలగానే లేత చిగురు వస్తుందని, బూడిద కింది పొలాల్లోకి దిగి బలమిస్తుందని నమ్మకం. ఒకప్పుడు బోద ఇంటికప్పుకు కావాలి గనుక దాన్ని కాల్చనిచ్చేవాళ్లు కాదు. రేకులు, మిద్దెలు వచ్చాక బోదకు విలువ పోయింది, నిప్పు పెరిగింది. అంటే కసువుకు మళ్లీ విలువ వస్తే నిప్పు తగ్గుతుంది. ఇంటింటా సీమావులున్న ఈ కాలంలో పచ్చిమేత ధర పాడి రైతుకు చెప్పనక్కర్లేదు. లేతగా ఉన్నప్పుడే మోపులుగా కోసి ఇళ్లకు చేర్చే ఏర్పాటు చేసిన సంఘం, వేసవిలో కాలడానికి గుట్ట మీద పెద్దగా ఏమీ మిగల్చదు.

కాపాడిన గుట్ట ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు కురబలకోట పక్క రిషివ్యాలీకి వెళ్లి చూడవచ్చు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో వెలసిన బడి అది. దాని చుట్టూ బోడిగా ఉన్న కొండల్ని ఏళ్ల తరబడి కాపాడి మళ్లీ పచ్చగా చేశారు. ఇలాంటి బండల గుట్టల్లో ఉండే అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ కనిపిస్తుంది. బడికి ఉన్న వసతి పల్లెకు ఉండదన్నది నిజం. అయినా మన వానతోనే, మన రాళ్ల మధ్యనే అడవి తిరిగి వస్తుందనడానికి అది కళ్లెదుటి సాక్ష్యం.

కుప్పం దగ్గరకు వస్తే అడవి మీద రైతు అభిప్రాయం పూర్తిగా మారిపోతుంది. 1980ల మొదట్లో హోసూరు వైపు అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. అంతకు ముందు తరతరాలుగా ఇక్కడ ఏనుగే లేదు. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం మధ్య పల్లెల్లో వరి, చెరకు, అరటి, టమాటా ఒక్క రాత్రిలో తొక్కుడయిపోతాయి. మనుషులూ చనిపోయారు, కరెంటు తీగలకు ఏనుగులూ చనిపోయాయి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. కంచె మీదకు చెట్టును తోసి దాటడం ఏనుగులు నేర్చుకున్నాయి. రామకుప్పం మండలం నన్యాలలో శిక్షణ పొందిన ఏనుగులను ఉంచారు. 2025లో కర్ణాటక నుంచి అడవి ఏనుగులను తరిమే కుంకీ ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు.

ఈ రైతును అడవి పెంచుదాం రమ్మంటే ఏమంటాడు? ఏనుగు లేని చోట కూడా అడవి పందుల బాధ ఉంది. గుట్ట దట్టమయ్యేకొద్దీ పందులు పెరుగుతాయని, చెనిక్కాయ, మొక్కజొన్న దక్కదని చెప్పే రైతులు మదనపల్లె పక్కనా ఉన్నారు. ఆ భయం అడవి మీద ద్వేషం కాదు, పంట మీద లెక్క. అడవి మేలు దేశానికంతటికీ అయినప్పుడు దాని నష్టం అంచున ఉన్న పది ఊళ్లు మాత్రమే మోయాలా? పంట నష్టం అంచనా వేసేటప్పుడు సమితి వాళ్లను కూడా పక్కన నిలబెట్టి, కోతకు ముందే సొమ్ము చేతికిస్తే, రాత్రి ఏనుగు జాడ చెప్పే మొదటి మనిషి రైతే అవుతాడు. ఇప్పటికీ చాలా చోట్ల ఆ కబురు ఫోన్లలో పంపుతున్నది రైతులే కదా.

2006 అటవీ హక్కుల చట్టం సాముదాయిక అడవిని కాపాడుకునే హక్కు ఊరికే ఇచ్చింది. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉంటూ అడవి మీద ఆధారపడ్డామని చూపించాలి. జమీన్ల కాలం నాటి కాగితాలు మన ఇళ్లలో ఎక్కడుంటాయి? అయినా చట్టం ఊళ్లోని పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఎనభై దాటిన పెద్దలు ఉండగానే వాళ్ల మాట రాయించుకోవాలి.

ఈ ప్రసంగం వింటున్న రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. వచ్చే గ్రామసభలో ఊరి ఉమ్మడి భూముల సర్వే నంబర్లు చదివి వినిపించమని అడగండి.  ప్రభుత్వ ఉపాధి కూలి పనుల జాబితాలో మీ గుట్ట కందకాల మరమ్మతు చేర్పించండి. ఆ సభ గొర్లు ఇంటికి చేరే వేళకు పెట్టించండి, ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. కాపలా మనిషి జీతానికి ఇంటికెంత, జరిమానా సొమ్ము ఏ ఖాతాలో, మందలకు ఏ గుట్ట ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది, ఇవన్నీ తొలి వాన పడకముందే రాసుకోండి. కసువు మొలిచాక చూద్దామంటే అప్పటికే పశువులు గుట్ట మీద ఉంటాయి.